అమావాస్య నాడు ఆదోనికి, ఒక్క పాట కోసం

మా ఎమ్మిగనూరులో మగ్గాలు నెలకు ఒక్క రోజే ఆగుతాయి. ఆ రోజు అమావాస్య. పొద్దున లేచేసరికి వీధి అంతా ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, ఎవరి ఇంట్లో చెంబు దొర్లినా వినబడుతుంది. నేను మొదటిసారి ఆదోనికి పోయింది అలాంటి ఒక అమావాస్య నాడే. మా వైపు వాళ్ళు ఆదోనికి పత్తి అమ్మడానికి పోతారు, రైలెక్కడానికి పోతారు, పెళ్ళి సామాన్లు కొనడానికి పోతారు. నేను మాత్రం పాట కోసం పోయాను. ఆదోని పాటల ఊరని వినడమే తప్ప ఆ పాటలు ఎక్కడ దొరుకుతాయో, ఎప్పుడు పోవాలో నాకు చెప్పినవాళ్ళు లేరు. నాలాగా ఇల్లు కదలని ఆడవాళ్ళు ఎవరైనా పోవాలనుకుంటే పనికొస్తుందని ఆ రోజు చూసినదీ జరిగినదీ వరుసగా రాస్తున్నాను.

మా ఆయన మగ్గం నేస్తారు. నేనూ మా అత్తా కండెలు చుడతాం. కండె అంటే మగ్గం మీద అడ్డపోగు వేస్తూ అటూ ఇటూ పోయే నాడెలో పెట్టే చిన్న పుల్ల, దాని నిండా రాట్నం మీద నూలు చుట్టాలి. రాట్నం తిప్పుతూ నేను మా అవ్వ దగ్గర నేర్చుకున్న పాటలు పాడుకుంటాను. నలుగురిలో పేరు అడిగినా గొంతు పెగలని మనిషిని, రాట్నం ముందు కూర్చుంటే మాత్రం నాకు తెలియకుండానే పాట వచ్చేస్తుంది. అది గోడ అవతలికి వినబడుతుందని చాలా రోజుల దాకా తెలియదు. ఒకరోజు వీధిలో ఎవరో మా అత్తను ఆపి, "ఏం నాగమ్మక్కా, మీ ఇంట్లో నాటకం కంపెనీ దిగినాదా?" అని అడిగారట. అత్త ఇంటికొచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు నాకు చెప్పి, వీధి తలుపు వేసింది.

ఆ వారంలోనే పక్కింటికి ఆదోని నుంచి చుట్టపామె వచ్చింది. నా పాట విని, ఆదోనిలో తుంగాబాయమ్మ అనే పెద్దామె ఉందని, అమావాస్య మధ్యాహ్నాలు ఆమె ఇంట్లో ఆడవాళ్ళంతా చేరి పాడతారని చెప్పింది. ఆమె ఎవరి దగ్గరా పైసా తీసుకోకుండా నేర్పిస్తుందట. అయితే ఒక నియమం ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు అందరి ముందు ఒక పాట మొదటి నుంచి చివరి దాకా తాళం తప్పకుండా పాడాలి. తప్పితే మళ్ళీ రానివ్వదు. నేను ఈ సంగతి మా ఆయనకు చెప్పాను, ఆయన వాళ్ళమ్మకు చెప్పారు.

అత్త చాలాసేపు ఆలోచించి అంది, "ఒకసారి నేనే తీసకపోతా. ఆయమ్మ సరే అంటే నెలనెలా పోనీ, నేను అడ్డం రాను. కాదంటే మాత్రం ఇంగ ఈ ఇంట్లో పాట వినబడగూడదు. రాట్నం కాడ గూడా." మా ఆయన నా వైపు చూశారు. నేను తల ఊపాను. ఊపిన తర్వాత గానీ ఆ మాట ఎంత బరువైనదో తట్టలేదు. ఓడిపోతే కొత్తది రాకపోవడమే కాదు, ఉన్నది కూడా పోతుంది.

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పద్దెనిమిది మైళ్ళు. మొదటి బస్సు పొద్దున ఆరున్నరకు. మనిషికి పన్నెండణాలు తీసుకున్నారు. డ్రైవరు వెనక ఉన్న బల్ల ఆడవాళ్ళది, కాస్త ముందుగా పోతే అక్కడ చోటు దొరుకుతుంది, ఇంజను వేడి మాత్రం ఓర్చుకోవాలి. మా డ్రైవరు మునెప్ప అత్తకు తెలిసినవాడే.

"యాడికి పొద్దుపొద్దున్నే అత్తాకోడండ్లు?"

"ఆదోనికప్పా. మా కోడలు పాట పాడతాదంట, ఆడ ఒకాయమ్మ వింటాదంట."

"మా బండి గూడా పాడతాది లేమ్మా. గేరు మార్చేటప్పుడు వినుండ్రి, మీకే తెలుస్తాది."

నిజంగానే పాడింది. బస్సులో అందరూ నవ్వారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ లోంచి నల్లరేగడి చేలు చూస్తూ కూర్చున్నాను. పత్తి చేలు, మధ్యలో శనగ చేలు, మళ్ళీ పత్తి. పెద్దకడుబూరు వైపు నుంచి నడిచి వచ్చినవాళ్ళు మూటలతో ఎక్కారు. ఒకచోట ఇంజనుకు నీళ్ళు పోయడానికి పావుగంట ఆపారు. ఆదోని కొండ మాత్రం ఊరి కంటే చాలా ముందే కనబడుతుంది. అది కనబడిన దగ్గర నుంచి పాడాల్సిన పాటను మనసులో మళ్ళీ మళ్ళీ మొదటి నుంచి అనుకుంటూ వచ్చాను. ఎనిమిదిన్నరకు దిగాం.

ఆదోని నేను అనుకున్నట్టు లేదు. పాటల ఊరంటే ఏదో ఒక గుడి దగ్గరో ఒక వీధిలోనో పాట ఉంటుందనుకున్నాను. అక్కడ పాట ఒకచోట ఉండదు. బస్సు దిగి బజారు వైపు నడుస్తుంటే పత్తి మిల్లు గోడ లోపల నుంచి ఆడకూలీలు పాడేది వినబడుతుంది. ఒకామె మొదలుపెడుతుంది, మిషను చప్పుడు మీదుగా పాతికమంది అందుకుంటారు. సందు తిరగ్గానే పెళ్ళి బ్యాండువాళ్ళు అరుగు మీద కూర్చుని బాకాలు తుడుచుకుంటూ ఒక్కొక్కటీ ఊది చూస్తుంటారు. తెలుగులో మొదలైన మాట కన్నడంలో నడిచి ఉర్దూలో ముగుస్తుంది, పాటలూ అంతే. దర్గా దగ్గర గురువారం సాయంత్రం ఖవ్వాలీ ఉంటుందని, శుక్రవారం కొన్ని ఇళ్ళలో కన్నడ దాసుల పదాలు పాడతారని, నాటకాల రోజుల్లో అయితే హార్మోనియం వాయించేవాళ్ళ కోసం బళ్ళారి దాకా కబురు పెట్టకుండా ఇక్కడికే వస్తారని హోటలులో చెప్పారు.

ఆ హోటలు గురించి కూడా చెప్పాలి. మార్కెట్టుకు పోయే దారిలో గ్రామఫోను పెట్టిన హోటలు ఉంది. బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కలిపి రెండణాలు. ఆడవాళ్ళకు లోపల తడిక వెనక విడిగా బల్ల వేశారు. మేం కూర్చోగానే వంటమనిషి పొయ్యి దగ్గర నుంచే అరిచాడు.

"అమ్మా, ముందే సెప్తాండా. రద్దీ రోజు. ఒక రికార్డు రెండు పక్కలూ తిరిగేంతసేపే బల్ల. అంతలోపల తినాల."

"మూడో పక్క ఉంటే అది గూడా వేసుకోప్పా, మాకు పండ్లు లేవు, నిదానంగా తింటాం," అంది అత్త.

"మూడో పక్క ఉంటే నేనెందుకు బజ్జీలు వేస్తానమ్మా, దాన్నే అమ్ముకుందును."

అత్త ఎంత కటువుగా ఉన్నా బయట ఊళ్ళో ఇలా మాట్లాడుతుందని ఆ రోజే చూశాను. ఉగ్గాని బాగుంది గానీ నాకు నాలుగు ముద్దలు కూడా దిగలేదు. అత్త నా ఆకులో మిగిలింది చూసి, తనే తినేసింది.

హోటలు వెనక సందులో నాలుగైదు వాద్యాల అంగళ్ళు ఉన్నాయి. హార్మోనియం తిత్తులకు అతుకులు వేసేవాళ్ళు, తబలాలకు చర్మం బిగించేవాళ్ళు. వాళ్ళు పనిచేస్తుంటే నిలబడి చూసినా ఏమీ అనరు. మస్తాన్ సాబు అనే ఆయన అంగడిలో ఒక తబలాకు తోలువార్లు లాగి బిగిస్తూ, సుత్తితో కట్టెముక్కల మీద కొడుతూ చెవి వంచి వింటున్నాడు. అత్త తుంగాబాయమ్మ ఇంటికి దారి అడిగింది.

"ఆ ఇంటికేనా? నేనే ఆడ తబలా వాయించేది. రెండు గంటలకు మొదలు. ఎవరు పాడేది, నువ్వామ్మా?"

"నేనా? నేను నోరు తెరిస్తే మీ తబలా పగుల్తాది. ఇదిగో, ఈమె."

మస్తాన్ సాబు నన్ను చూసి నవ్వాడు. "భయపడొద్దు బిడ్డా. తాళం నా సేతిలో ఉంటాది, నువ్వు దాని ఎంబడే రా. అంతే." ఆ మాట ఎంత తేలిగ్గా ఉందో, నాకు అంత కష్టమైంది. నా పాట ఎప్పుడూ ఎవరి వెంబడీ నడవలేదు.

తుంగాబాయమ్మ ఇల్లు కొండ వైపు ఎక్కే వీధిలో ఉంది. పెద్ద ఇల్లేమీ కాదు, ముందు గది మాత్రం పొడుగ్గా ఉంటుంది. మేం పోయేసరికి చాపల మీద ముప్పై మంది దాకా ఆడవాళ్ళు కూర్చున్నారు. పత్తి వ్యాపారుల ఇళ్ళ కోడళ్ళు పట్టుచీరల్లో, మిల్లు ఆడవాళ్ళు దుమ్ము దులుపుకున్న నూలు చీరల్లో, కౌతాళం నుంచి వచ్చిన ఇద్దరు కన్నడంలో మాట్లాడుకుంటూ. ఒక మూల ముస్లిం ఇళ్ళ ఆడవాళ్ళు నలుగురు ఉన్నారు. మస్తాన్ సాబు గుమ్మం పక్కన తబలాలు పెట్టుకుని, గది వైపు కాకుండా వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. ఆడవాళ్ళు సిగ్గుపడకూడదని అలా కూర్చుంటాడట. తుంగాబాయమ్మకు అరవై ఏళ్ళు ఉంటాయి. సన్నగా, పొట్టిగా, తెల్లని జుట్టుతో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, సగం కన్నడంలో, "బా తాయీ, కూర్చో. యావ ఊరు?" అంది. తాయీ అంటే తల్లీ అని. ఎమ్మిగనూరని అత్త చెప్పింది.

ముందు కౌతాళం ఆమె ఒక పదం పాడింది. తర్వాత ముస్లిం ఆడవాళ్ళలో పెద్దామె పెళ్ళికూతురిని సాగనంపే పాట పాడితే, భాష పూర్తిగా తెలియకపోయినా చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత ఒక వ్యాపారి ఇంటి కోడలు కీర్తన పాడింది. ఆమె గొంతు ఎంత తీయగా ఉందంటే, అది అయిపోగానే నేను పాడాలని తెలిసి లేచి పోవాలనిపించింది. అత్త నా మోచేయి పట్టుకుని నొక్కింది. ఆపడానికో తోయడానికో నాకు అర్థం కాలేదు.

నేను తల వంచుకుని మొదలుపెట్టాను. మా అవ్వ నేర్పిన కండెల పాట.

తెల్లా పోగమ్మా, తెగకే నా తల్లీ,
ఏ ఇంటి వాకిట చీరవై పోతావే.

మొదటి చరణం సన్నగా వచ్చింది. రెండో చరణానికి గొంతు విచ్చుకుంది. నా కుడిచెయ్యి దానంతట అదే ఒళ్ళో గుండ్రంగా తిరుగుతోంది, రాట్నం పిడి అక్కడ ఉన్నట్టే. తబలా నన్ను ఇబ్బంది పెట్టలేదు. పాడగలను అనుకున్నాను. రెండో చరణం అయిపోగానే ఆగిపోయాను.

మర్చిపోయి కాదు. ఇంట్లో ఆ పాట రెండు చరణాలు అయ్యేసరికి ఒక కండె నిండుతుంది. నిండినది తీసి, తెంపిన పోగు కొసను పెదవుల మధ్య పట్టుకుని, ఖాళీ పుల్లను రాట్నం కదురుకు గుచ్చి, కొసను దానికి చుట్టి, మళ్ళీ తిప్పాలి. పోగు నోట్లో ఉన్నంతసేపు పాడడం కుదరదు. ఎన్నో ఏళ్ళుగా అలాగే పాడుతున్నాను కాబట్టి పాటలో అది ఒక భాగమైపోయింది. మిగతావాళ్ళకు అక్కడ ఏమీ లేదని నాకు ఆ క్షణం దాకా తెలియదు. పెదవులు మూసుకుని, ఎడమచేత్తో చాప మీద లేని పుల్ల కోసం తడుముతూ ఉన్నాను. తబలా కొంచెం దూరం ఒంటరిగా పోయి, తడబడి ఆగింది. నేను మూడో చరణం ఎత్తుకునేసరికి అది మొదలుపెట్టింది కానీ మా ఇద్దరికీ కలవలేదు. వెనక వరసలో ఎవరో నవ్వారు.

"మగ్గాలోళ్ళకు నూలు తెలుస్తాది గానీ, తాళం యాడ తెలుస్తాది లేమ్మా," అంది ఆ నవ్విన ఆమె, పెద్ద గొంతుతోనే.

తుంగాబాయమ్మ చెయ్యి ఎత్తి పాట ఆపించింది. "మరిచితివా తాయీ?" అంది మెత్తగా. ఆమె చూపు అప్పటికే నాకు అవతల పక్కన, తర్వాత పాడాల్సిన ఆమె మీదికి పోతోంది. ఇంటికి పోయాక మూగగా తిరిగే రాట్నం కళ్ళ ముందు కనబడింది.

అప్పుడు అత్త లేచి నిలబడింది.

"మరిచిపోలేదమ్మా అది. కండె నిండినాది."

"ఏమి నిండినాది?"

"కండె. నూలు సుట్టే పుల్ల. నిండితే మార్చొద్దా?" అత్త తన కొంగు అంచు నుంచి ఒక పోగు లాగి పెదవుల మధ్య పెట్టుకుని, నవ్విన ఆమె వైపు తిరిగింది. పోగు పెదవుల్లో పెట్టుకునే, నోరు సరిగా తెరవకుండా, "ఇట్ల పెట్టుకోని నువ్వు పాడు సూద్దాం," అంది. గది అంతా నవ్వింది, కానీ ఈసారి నా మీద కాదు. అత్త పోగు తీసేసి నిదానంగా చెప్పింది. "నలభై ఏండ్లు నేను గూడా సుట్టినా. ఈ పాట నాకూ వచ్చు. నేనూ ఆడనే ఆగుతా. మా ఊర్లో యా ఇంట్లో పాడినా ఆడనే ఆగుతారు. ఆ పిల్ల తాళం తప్పిందంటే నేనొప్పుకోను."

మా అత్తకు పాట వచ్చని నేను అప్పుడే విన్నాను. మూడేళ్ళు పక్కపక్కన కూర్చుని కండెలు చుట్టినా ఒక్కసారి కూడా ఆమె కూనిరాగం తీయలేదు.

మస్తాన్ సాబు మొదటిసారి గది వైపు తిరిగాడు. "ఎంతసేపు ఆగాలమ్మా? సేత్తో చూపీ." అత్త కూర్చుని గాలిలో కండె తీసింది, పోగు పట్టింది, పుల్ల గుచ్చింది, కొస చుట్టింది. ఆయన మోకాలి మీద వేలితో తడుతూ చూశాడు. "ఇంగోసారి." అత్త మళ్ళీ చేసింది. ఆయన తుంగాబాయమ్మతో అన్నాడు, "బాయమ్మా, ఎనిమిది దెబ్బలు. రెండుసార్లూ ఎనిమిదే. తాళం తప్పింది ఆ బిడ్డ కాదు, మనమే తెలీక దారి తప్పినాము."

"మళ్ళీ పాడు తాయీ," అంది తుంగాబాయమ్మ.

ఈసారి నేను తల ఎత్తి పాడాను. ఎత్తాలని అనుకోలేదు, అత్త ముఖం చూస్తూ పాడాలనిపించింది. రెండో చరణం చివర పెదవులు మూశాను. మస్తాన్ సాబు మునివేళ్ళతో ఎనిమిది దెబ్బలు, చాలా చిన్నగా, రాట్నం నెమ్మదించినట్టు వాయించాడు. ఎనిమిదో దెబ్బ కాగానే మూడో చరణం సరిగ్గా అందుకున్నాను. నాలుగో చరణం చివర ఆగినప్పుడు మిల్లు ఆడవాళ్ళు చప్పట్లతో ఎనిమిదీ వేశారు. ఆరో చరణం చివర గది అంతా వేసింది, నవ్విన ఆమెతో సహా. ఆ ఎనిమిది దెబ్బల్లో నేను ఊపిరి తీసుకుంటుంటే ముప్పై మంది నా కోసం ఎదురుచూస్తున్నారు. నా బతుకులో అలా ఎవరూ ఎదురుచూడలేదు. పాట చివరి దాకా పోయింది. ఒక్క చోటా తప్పలేదు.

తుంగాబాయమ్మ నన్ను తన దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుంది. తర్వాత అంది, "నా దగ్గరికి అందరూ తాళం నేర్చుకోడానికి వస్తారు. నువ్వు తెచ్చుకోనే వచ్చినావు. గొంతు దాచుకోకుండా పాడేది మాత్రం నేర్పించాల. వచ్చే అమావాస్యకు రా." ఆగి మళ్ళీ, "ఈ పాట ఇప్పుడు మాకు నేర్పించి పో," అంది. కాబట్టి ఆదోనిలో మొదటి రోజు నేను నేర్చుకోలేదు, నేర్పించాను. పట్టుచీరల వాళ్ళు, మిల్లు వాళ్ళు, కౌతాళం వాళ్ళు, మూలన కూర్చున్న నలుగురూ అందరూ నా వెనక పాడారు. ఆ ఇంటి వసారాలోంచి చూస్తే ఆదోని ఊరంతా కింద కనబడుతుంది. పాట దిగువకు పోతుంటే వీధిలో నడిచేవాళ్ళు ఆగి పైకి చూశారు.

తిరుగు బస్సు అయిదున్నరకు, అదే ఆఖరిది. మేం పరుగులాంటి నడకతో పోయి పట్టుకున్నాం. మునెప్పే నడుపుతున్నాడు. "ఏమ్మా, పాడినాదా కోడలు?" అని అడిగాడు.

"రెండుసార్లు పాడించుకున్నారప్పా. ఒకసారితో వాళ్ళకు తీరలే," అంది అత్త. మొదటిసారి ఏమైందో చెప్పలేదు. కూర్చున్నాక నాతో, బస్సు చప్పుడులో నాకు మాత్రమే వినబడేలా, "మా అత్త నాతో పాట మాన్పించింది మే. ఆయమ్మ సెప్తే నేనూ మానేస్తి. ఎదురుచెప్పాలని గూడా నాకు తట్టలే," అంది. ఊరు వచ్చేదాకా కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. ఇంట్లో అడుగు పెట్టగానే మాత్రం కొడుకును పిలిచి గట్టిగా చెప్పింది, "నెలనెలా పోతాదిరా ఇది. నేనూ పోతా. ఒక్కదాన్ని ఎట్ల పంపేది?"

ఇది జరిగి ఇప్పటికి ఏడు అమావాస్యలు. ఒక్కటీ తప్పలేదు. పాట అంటే బాగా చదువుకున్నవాళ్ళదో, మంచి గొంతు ఉన్నవాళ్ళదో, లేదా నాటకాల వాళ్ళదో అని నేను అనుకునేదాన్ని. ఆదోనికి పోయి వచ్చాక తెలిసింది, ఆ ఊరు పాటల ఊరు అయింది అక్కడ గొప్పవాళ్ళు పాడబట్టి కాదు. పత్తి ఏరేవాళ్ళు, తోలు బిగించేవాళ్ళు, పెళ్ళికూతురిని పంపేవాళ్ళు ఎవరి పని పాట వాళ్ళు తెచ్చి అక్కడ పాడితే, మిగతావాళ్ళు దాన్ని నేర్చుకుంటారు కాబట్టి. పోయిన నెల తుంగాబాయమ్మ ఇంటికి కొత్తగా ఒకామె వచ్చి భయంతో కూర్చుంటే, ఆమె పక్కన నేను కూర్చున్నాను. మా అత్త గట్టిగా పాడుతుంది, శ్రుతి కలవదు, అయినా ఎవరూ ఆపరు.

పోవాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. ఆదోనిలో వాద్యాల అంగట్లో గానీ, మిల్లు వాకిట గానీ, ఎవరి ఇంట్లో గానీ పాట వినాలనిపిస్తే, నిలబడి అడగకండి. చెప్పులు విప్పి, చాప ఉంటే చాప మీద, లేకపోతే నేల మీద కూర్చోండి. అక్కడ నిలబడిన మనిషికి దారి చెబుతారు, కూర్చున్న మనిషికి పాట పాడతారు.